నాలుగో రోజు నెమ్మదిగానే తొక్కాలి

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాకా సైకిళ్ళ మీద పోదామని నలుగురైదుగురు స్నేహితులు కూర్చుంటే ముందుగా తేలే లెక్క ఇది: మొదటి రోజు సూర్యాపేట, రెండో రోజు విజయవాడ, మూడో రోజు రావులపాలెం, నాలుగో రోజు తుని, అయిదో రోజు విశాఖ. రోజుకు 100 నుంచి 135 కిలోమీటర్లు, మొత్తం సుమారు 620. చూడ్డానికి చక్కగా ఉంటుంది.

ఆ నాలుగో రోజును రెండు ముక్కలు చేయమంటాను. రావులపాలెంలో జాతీయ రహదారిని వదిలేయండి. కొత్తపేట మీదుగా అమలాపురం చేరి, అక్కడ 216 నంబరు రహదారి పట్టుకుని ముమ్మిడివరం, ఎదుర్లంక, గౌతమి మీద వంతెన దాటి యానాం. సుమారు 65 కిలోమీటర్లు. దారి పొడవునా ఎత్తూ లేదు, పల్లమూ లేదు. మర్నాడు యానాం నుంచి కాకినాడ, కత్తిపూడి మీదుగా తుని, అదొక వంద. మొత్తం ప్రయాణంలో పెరిగే దూరం 35 కిలోమీటర్లు, పెరిగే సమయం ఒక రోజు.

"ఒక రోజు సెలవు దండగ కదరా" అని బృందంలో ఎవరో ఒకరు అంటారు. సాధారణంగా అనేది అందరిలోకీ బలంగా తొక్కేవాడే. నిజంగానే సెలవు దొరకకపోతే గమ్యాన్ని దగ్గరికి జరపండి. విశాఖ బదులు కాకినాడలో ఆపి రైలెక్కండి. తేలిక రోజును మాత్రం కొట్టేయకండి. మొదటి మూడు రోజుల్లో ఒంటికీ సైకిలుకీ స్నేహానికీ పడిన దెబ్బలన్నీ బయటపడేదీ, సరిచేసుకునే వీలున్నదీ ఆ ఒక్కరోజే.

నాలుగో రోజే ఎందుకంటే దానికి కారణాలున్నాయి. అలవాటు లేని శ్రమ తర్వాత కండరాల నొప్పి 24 గంటల నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. అంటే మొదటి రోజు దెబ్బ రెండో రోజూ మూడో రోజూ తెలుస్తుంది, రెండో రోజుది మూడో రోజూ నాలుగో రోజూ. సీటు ఒరుసుకుని చర్మం కందడం మొదటి రోజు మంటగా, రెండో రోజు ఎరుపుగా ఉండి, మూడో రోజుకు పొక్కుగా మారుతుంది. చైనుకు మొదటి రోజు వేసిన లూబ్, అంటే కందెన, 300 కిలోమీటర్లు దాటేసరికి ఎండిపోయి కీచుమంటుంది. లగేజీ క్యారియర్ బోల్టులు వదులయ్యేదీ ఆ దరిదాపుల్లోనే. వీటిలో ఏదీ విడిగా ప్రయాణాన్ని ఆపేంత పెద్దది కాదు. నాలుగో రోజు కూడా 130 తొక్కితే అన్నీ కలిసి అయిదో రోజు మధ్యాహ్నం నక్కపల్లి దగ్గరో, ఎలమంచిలి దగ్గరో ఒకేసారి మీద పడతాయి. అక్కడ ఆగి చేయగలిగింది తక్కువ, ఎండ ఎక్కువ, లారీలు ఇంకా ఎక్కువ.

తిండి లెక్క కూడా చూడాలి. కండరాల్లో, కాలేయంలో దాచుకునే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, మామూలు మనిషికి 400 నుంచి 500 గ్రాములు. దాదాపు 2,000 కేలరీలు. సామానుతో 130 కిలోమీటర్లు తొక్కితే 3,000 కేలరీలు దాటుతుంది. దారిలో ఎంత తిన్నా సాయంత్రానికి కొట్టు ఖాళీ. దాన్ని మళ్ళీ నింపడానికి, బాగా తిన్నా సరే, ఒక రోజంతా పడుతుంది. రాత్రి ఒక్క భోజనంతో నిండదు. వరసగా మూడు రోజులు సగం నిండిన కొట్టుతో బయల్దేరినవాళ్ళు నాలుగో రోజు కాళ్ళు బరువెక్కాయంటారు, చిన్న మాటకే చిరాకుపడతారు. ఆ చిరాకులో సగం ఆకలే. బృందంలో గొడవలు మూడో రోజు సాయంత్రమో, నాలుగో రోజు పొద్దున్నో మొదలవడానికి మనుషుల గుణాల కంటే ఈ ఖాళీ కొట్టే పెద్ద కారణమని నా నమ్మకం.

ఇక అసలు సంగతి. తేలిక రోజును పెట్టుకున్నవాళ్ళు కూడా దాన్ని పాడుచేసేది ఒక్కదానితోనే. వేగం. 65 కిలోమీటర్లే కదా, పదింటికల్లా కొట్టేద్దాం అనుకుంటారు. చల్లటి పొద్దు, చదునైన రోడ్డు, కాలువ నీళ్ళు, కొబ్బరి నీడ. కాళ్ళు తెలియకుండానే తిరుగుతాయి, మీటరు గంటకు 24 కిలోమీటర్లు చూపిస్తుంది. 16 దగ్గర తొక్కాల్సిన రోజు అది.

ఆ రెండు అంకెల మధ్య తేడా చూడ్డానికి ఎనిమిదే. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి మాత్రం వేగంతో పాటు వరసగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. 16 నుంచి 24కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లు, గాలి కోసం పెట్టే శక్తి దాదాపు 3.4 రెట్లు. దీనికి బదులుగా దక్కేది ఎంత? 65 కిలోమీటర్లకు 16 వేగంలో సుమారు 4 గంటలు, 24 వేగంలో 2 గంటల 40 నిమిషాలు. గంటా ఇరవై నిమిషాల కోసం రోజు ఉద్దేశమంతా పోయింది. ఆ గంటా ఇరవై నిమిషాలు యానాంలో లాడ్జి గది ఖాళీ అయ్యేదాకా కింద కుర్చీలో కూర్చోవడానికే సరిపోతాయి.

వేగాన్ని మనసుతో ఆపుకుందామంటే ఆగదు, గేరుతో ఆపాలి. రోడ్డు బైకులో ముందు 50, 34 పళ్ళ చక్రాలు ఉంటే ఆ రోజు 50ని ముట్టుకోవద్దు. ముందు 34, వెనక 21 పెట్టి నిమిషానికి 80 చుట్లు తిప్పితే వేగం సరిగ్గా 16 దగ్గర నిలుస్తుంది. ముందు మూడు చక్రాలున్న హైబ్రిడ్ అయితే మధ్యది 38, వెనక 24, అదే 80 చుట్లు, అదే 16. వేగంగా పోవాలన్నా కాళ్ళు పిచ్చిగా తిప్పాల్సి వస్తుంది కాబట్టి తగ్గుతారు. చుట్లు మాత్రం 80 కంటే బాగా తగ్గనివ్వకండి. నెమ్మదిగా వెళ్ళాలని బరువైన గేరులో 50 చుట్లు తొక్కేవాళ్ళుంటారు, అది మోకాలి చిప్ప మీద నేరుగా పడే బరువు. తేలిక రోజున మోకాలి నొప్పి తెచ్చుకునే దారి అదే. శ్రమ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి గుండె మీటరు అక్కర్లేదు. తొక్కుతూ ఒక ఆటవెలది పద్యం పాదం మధ్యలో ఊపిరి తీసుకోకుండా పక్కవాడికి వినబడేలా చెప్పగలగాలి. పాదం మధ్యలో తెగిందంటే వేగం ఎక్కువైనట్టే.

ఎదురుగాలి వచ్చినప్పుడు వేగాన్ని పట్టుకుని వేలాడకండి, శ్రమను పట్టుకోండి. గంటకు 15 కిలోమీటర్ల గాలికి ఎదురుగా 16లో తొక్కుతుంటే ముఖానికి తగిలేది 31 కిలోమీటర్ల గాలి. అప్పుడు 12కి పడిపోయినా తప్పులేదు. శీతాకాలంలో అమలాపురం దాటి ఈశాన్యంగా తిరిగాక ఈ గాలి తప్పకుండా తగులుతుంది. పొద్దెక్కాక దానికి సముద్రపు గాలి కూడా తోడవుతుంది. అందుకే తేలిక రోజైనా ఆలస్యంగా లేవడం పనికిరాదు. ఆరింటికి రావులపాలెం వదిలితే గాలి లేవకముందే అమలాపురం చేరొచ్చు, పదకొండున్నరకల్లా యానాం. పొగమంచు పట్టిన రోజు మాత్రం అరగంట ఆగండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు రెండూ వేసుకునే కదలండి. ఇసుక ట్రాక్టర్లకు వెనక లైటు ఉండదు, మీకైనా ఉండాలి.

ఈ దారి చదునుగా ఉందని అజాగ్రత్త పనికిరాదు. నవంబరు చివర నుంచి డిసెంబరు దాకా సార్వా కోతలు. తడి ధాన్యాన్ని రైతులు ఆరబోసేది రోడ్డు మీదే. వాళ్ళకు వేరే కళ్ళం లేదు, వాన పడితే పంట మొలకెత్తుతుంది. దాన్ని తప్పుపట్టే హక్కు సరదాగా తిరిగే మనకు లేదు. రోడ్డు సగం ధాన్యం, ధాన్యం అంచున రాళ్ళు, మిగిలిన సగంలో ఆటోలూ బస్సులూ. 28 మిల్లీమీటర్ల టైరు వడ్ల గింజల మీదికి ఎక్కిందంటే కింద గోళీలు పోసినట్టే, హ్యాండిల్ తిప్పినా బ్రేకు పట్టినా పక్కకు జారిపోతుంది. తప్పనిసరిగా ఎక్కాల్సివస్తే ముందే వేగం తగ్గించి, గింజల మీద ఉన్నంతసేపూ హ్యాండిల్ నిటారుగా పట్టుకుని, బ్రేకు ముట్టుకోకుండా దాటండి. దిగి నడిపిస్తే ఇంకా మంచిది, అది వాళ్ళ ఏడాది కష్టం.

గింజల కంటే మొండిది గడ్డి. నూర్చిన వరిగడ్డి రోడ్డంతా పరుచుకుని ఉంటుంది. ఒక పోచ చైనుతో పాటు పైకి లేచి, గేర్లు మార్చే వెనక డిరైలర్‌లో ఉండే రెండు చిన్న పళ్ళచక్రాల్లో కిందిదాని ఇరుసుకు చుట్టుకుంటుంది. మొదట కిచకిచమని చిన్న చప్పుడు. తర్వాత గేరు దానంతటదే దూకుతుంది. ఇంకా తొక్కుతూ పోతే గడ్డి బిగిసి చక్రం ఆగిపోతుంది, చైను డిరైలర్‌ని లాక్కుపోయి స్పోకుల్లో పడేస్తుంది, అది తగిలించి ఉండే హ్యాంగర్ అన్న చిన్న అల్యూమినియం ముక్క వంగుతుంది లేదా విరుగుతుంది. ఆ ముక్క ఒక్కో మోడలు సైకిలుకు ఒక్కో ఆకారంలో ఉంటుంది, దారిలో ఏ షాపులోనూ దొరకదు. ఎవరి సైకిలుది వాళ్ళు ఒకటి వెంట తెచ్చుకోవాలి. అసలు అంతదూరం రానివ్వకుండా కిచకిచ వినగానే ఆగి, సైకిల్ని తలకిందులు చేసి, పెడలు వెనక్కి తిప్పుతూ పోచను వేళ్ళతో లాగేయండి. ఒక నిమిషం పని. కొబ్బరి పీచుతోనూ ఇదే బాధ, కాకపోతే పీచు కత్తికి గానీ తెగదు.

టైరు గాలి కూడా ఆ రోజుకు మార్చుకోండి. 75 కిలోల మనిషి, 8 కిలోల సామాను, 28 మిల్లీమీటర్ల టైరు అయితే రహదారి మీద వెనక 80, ముందు 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). మరమ్మతుల అతుకులున్న ఊళ్ళ రోడ్డుకు చెరో అయిదు తగ్గిస్తే చేతులకు, నడుముకు హాయి. అంతకంటే తగ్గిస్తే వంతెన అతుకుల దగ్గర ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ఎదుర్లంక వంతెన మీద ప్రతి అతుకు దగ్గరా సీటు నుంచి కొద్దిగా లేవండి. పక్కగాలికి సామాను సంచులు తెరచాపల్లా పనిచేస్తాయి కాబట్టి అక్కడ ఒకరి వెనక ఒకరు, మధ్య రెండు సైకిళ్ళంత ఎడం. గాలి పట్టించుకోవాల్సి వస్తే ఊళ్ళో పంక్చరు షాపులో మీ సన్నటి ప్రెస్టా వాల్వుకు వాళ్ళ పంపు మూతి పట్టదు. రూపాయి బిళ్ళకంటే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వు మీదే బిగించి ఉంచుకోండి. కంప్రెసరుతో పట్టేటప్పుడు పక్కన నిలబడి చూడండి, రాయిలా బిగించేదాకా ఆపరు.

బృందం సంగతి. కష్టమైన రోజున గాలి చాటు కోసమైనా అందరూ కలిసి ఉంటారు. తేలిక రోజునే విడిపోతారు. బలమున్నవాడు ముందుకెళ్ళి అమలాపురంలో టీ తాగుతూ కూర్చుంటాడు, వెనకవాడు వాడిని అందుకోవాలని రొప్పుతూ వస్తాడు. అంటే విశ్రాంతి ఎవరికి అవసరమో వాడికే అది దక్కదు. వాడు రాగానే "పదండి" అంటూ అందరూ లేస్తారు, పది నిమిషాలు కూర్చునే భాగ్యం కూడా లేదు. దీనికి చెప్పి చూస్తే ఫలితం ఉండదు, సామాను మార్చండి. పనిముట్లు, తాళం గొలుసులు, అందరి చార్జర్లు, రెండో ట్యూబులు, అన్నీ ఆ రోజు బలమున్నవాడి సంచుల్లోకి. నెమ్మదిగా వచ్చేవాడి సైకిలు మీద నీళ్ళ సీసాలు తప్ప ఏమీ ఉండకూడదు. వరసలో వాడు రెండో స్థానంలో ఉండాలి. చివర పెడితే సందు పెరుగుతున్నా ముందువాళ్ళకు తెలియదు, రెండో స్థానంలో ఉంటే మొదటివాడు వాడి ఊపిరి వింటూ తొక్కుతాడు. మోకాలు పట్టిన మనిషికి "నెమ్మదిగా పోదాం రా బావా" అని నోరు తెరిచి అడగడానికి మొహమాటం ఉంటుంది. అడగాల్సిన అవసరం లేకుండా ముందే ఏర్పాటు చేయడం మిగతావాళ్ళ బాధ్యత.

ఆగే చోట్లు మూడు చాలు: కొత్తపేటలో ఇడ్లీ, అమలాపురంలో అరగంట, ముమ్మిడివరం దాటాక కొబ్బరి బొండం. కాలువ గట్టు మీద పక్కపక్కన తొక్కుతూ మాట్లాడుకోవచ్చు, 216 ఎక్కాక మాత్రం ఒకే వరస.

తక్కువ తొక్కుతున్నాం కాబట్టి తక్కువ తిందాం అన్న లెక్క ఆ రోజుకు వర్తించదు. కొట్టు నింపుకునే రోజే అది. 70 కిలోల మనిషి రోజు మొత్తంలో 500 గ్రాముల పిండిపదార్థం తినగలిగితే మంచిది. వండిన అన్నం వంద గ్రాముల్లో ఉండేది సుమారు 28 గ్రాములు, మధ్యరకం అరటిపండులో 25. కాబట్టి మధ్యాహ్నం ఒక ఫుల్ మీల్స్, రాత్రి మరొకటి, పొద్దున్న టిఫిను, మధ్యమధ్య నాలుగైదు అరటిపళ్ళు అయితేనే ఆ అంకె దగ్గరికొస్తుంది. రావులపాలెం అరటిపళ్ళ మార్కెట్టే కాబట్టి బయల్దేరేటప్పుడే ఒక హస్తం చక్కెరకేళి సంచిలో పెట్టుకోండి. ఆత్రేయపురం పూతరేకులు కూడా ఆ రోజు నిస్సంకోచంగా తినొచ్చు, బియ్యప్పిండి రేకూ బెల్లమే కదా.

కొబ్బరినీళ్ళ మీద ఒక మాట. కోనసీమలో ఉన్నాం కదా అని సీసాలు కూడా వాటితోనే నింపేసుకుంటారు. మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. మూడు రోజులుగా చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కట్టిన మనిషికి బొండాలు మాత్రమే చాలవు. లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు చదునుగా కొలిచి కలిపి గంటకు అర లీటరు చొప్పున తాగండి. మధ్యాహ్నం భోజనంలో మజ్జిగలో ఉప్పు, పక్కన ఆవకాయ వద్దనకండి.

యానాంకు మధ్యాహ్నం కాకుండా ముందే చేరమనడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఎండ. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ రాత్రి ఉతికి గదిలో ఫ్యాను కింద ఆరేస్తే డెల్టా తేమలో పొద్దున్నకు ఆరవు. ప్యాడ్ లోపల తడి ఉండిపోతుంది. ఆ తడి, ఒరుపు, చెమటలోని క్రిములు మూడూ కలిస్తే పొక్కు పుండవుతుంది, పుండైతే ప్రయాణం అయిపోయినట్టే. పదకొండున్నరకు చేరితే వెంటనే గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా సబ్బుతో ఉతికి, షార్ట్స్‌ను పొడి తువ్వాల్లో చాపచుట్టలా చుట్టి కాళ్ళతో తొక్కండి. పిండితే ప్యాడ్ ఆకారం చెడుతుంది, తొక్కితే నీరంతా తువ్వాలు పీల్చుకుంటుంది. ఆ తర్వాత లోపలి వైపు బయటికి తిప్పి డాబా మీద ఎండలో. నాలుగింటికల్లా గలగలలాడుతుంది. ఒంటికి ఆ సాయంత్రం వదులు లుంగీయే. కందిన చోట కొబ్బరినూనె పలచగా రాస్తే చాలు. తెల్లగా చీము పట్టినట్టు కనిపిస్తే గిల్లకుండా డాక్టరుకు చూపించండి.

సైకిలుకు గంట కేటాయించండి, భోజనానికి ముందే. నిద్రపోయి లేచాక ఎవరూ చేయరు. మొదట టైర్లు. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ప్రతి అంగుళం చూడండి. జాతీయ రహదారి అంచున పేలిన లారీ టైర్ల నుంచి రాలిన ఉక్కు తీగ ముక్కలు ఉంటాయి, వెంట్రుకకంటే కాస్త లావు, అర సెంటీమీటరు పొడవు. అవి రబ్బరులో దిగి వెంటనే పంక్చరు చేయవు. రోజూ ఇంత లోపలికి జరుగుతూ, రాత్రి గట్టిగా ఉన్న టైరును పొద్దున్నకు మెత్తబడేలా చేస్తాయి. ట్యూబు మార్చినా మళ్ళీ గాలి పోతోందంటే ఆ తీగ ఇంకా టైరులోనే ఉందన్నమాట. టైరు లోపలి వైపు గుడ్డముక్కతో తుడుస్తూ వెళ్తే తీగ ఉన్న చోట దారం తగులుకుంటుంది. వేళ్ళతో తడిమితే కోసుకుంటుంది. చిన్న పట్టుకారుతో లాగేయాలి. ప్యాచ్ వేసేటప్పుడు సొల్యూషన్ పూసి వెంటనే అతికించకండి, నాలుగైదు నిమిషాలు ఆరనివ్వాలి, మెరుపు పోయి మసకగా కనిపించాలి. దారిలో హడావుడిగా వేసిన ప్యాచులు ఊడేది ఈ ఒక్క తప్పుతోనే.

తర్వాత చైను. పాత బనీను గుడ్డలో చైను పట్టుకుని పెడలు వెనక్కి తిప్పుతూ, గుడ్డ మీద నల్ల చార పడటం తగ్గేదాకా తుడవండి. ఒండ్రు మట్టి మీద లూబ్ పోస్తే అది గరుకు ముద్దయి చైనునే అరగదీస్తుంది, అందుకే ముందు తుడుపు. ఆ తర్వాత లోపలి వైపున ఒక్కో లింకుకు ఒక్కో చుక్క. వంద పైచిలుకు లింకులుంటాయి, ఓపిగ్గా వేయాలి. పావుగంట ఆగి పైన మిగిలిందంతా మళ్ళీ తుడిచేయండి. లూబ్ పనిచేసేది లోపల, పైన ఉన్నది దుమ్ము పట్టడానికే. అరుగుదల చూడాలంటే స్కేలు చాలు. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, ఆ తర్వాతి 24వ పిన్ను మధ్య దాకా కొలిస్తే కొత్త చైనుకు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే సమయం వచ్చింది. ఎనిమిదో వంతు పెరిగితే పళ్ళచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి.

బ్రేకు ప్యాడ్లు బయటికి తీసి రబ్బరులో మెరిసే అల్యూమినియం రవ్వలుంటే సూదితో తీసేయండి, అవి రిమ్మును కోస్తాయి. డిస్కు బ్రేకు అయితే ప్యాడ్ మీద రాపిడి పొర అర మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చాల్సిందే. లగేజీ క్యారియర్ బోల్టులన్నీ 4 మిల్లీమీటర్ల ఎల్‌-కీతో బిగించండి. ఒకటి వదులుంటే మిగతా మూడింటి మీద బరువు పడి ఎక్కడో ఒకటి తెగుతుంది. వెనక చక్రం స్పోకులు వేలితో మీటి చూడండి. ఒకే వైపువి దాదాపు ఒకే స్వరం పలకాలి, డొల్లగా పలికేది వదులైంది. సగం చుట్టు బిగించి చక్రం తిప్పి చూడండి, రిమ్ము ఊగకూడదు.

చివరిగా సీటు రాడ్డు. మూడు రోజుల బరువుకు ఇది తెలియకుండా నాలుగైదు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మోకాలి ముందు భాగం నొప్పి పెడుతోందనే మనిషికి మాత్రలు ఇచ్చేముందు సీటు ఎత్తు కొలవండి, సగం సందర్భాల్లో కారణం అక్కడే దొరుకుతుంది. మోకాలి వెనక నొప్పి అయితే సీటు ఎక్కువ ఎత్తులో ఉందని అనుమానించాలి. ఇంటి దగ్గర బయల్దేరేముందే రాడ్డు చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టి గుర్తు పెట్టుకుంటే కొలవాల్సిన పనే ఉండదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున నరం నలుగుతోంది. హ్యాండిల్ మీద చేతులు మార్చి మార్చి పెట్టుకోవాలి, సీటు ముక్కు కిందికి వాలి ఉంటే సమం చేయాలి.

పూర్తిగా తొక్కకుండా ఒక రోజు పడుకుంటే పోలేదా అని కొందరంటారు. ఇది ఆలోచించదగ్గ మాటే, కానీ నేను ఒప్పుకోను. ఒక రోజంతా కదలని కాళ్ళు మర్నాడు మొదటి 30 కిలోమీటర్లు బిగుసుకుపోయి ఉంటాయి. తేలిగ్గా తిప్పే కాళ్ళల్లో రక్తం ఆడుతుంది. పైగా సైకిలులో లోపాలు తొక్కితేనే వినబడతాయి. నెమ్మదిగా, నిశ్శబ్దమైన రోడ్డు మీద తొక్కినప్పుడు ఏ పెడలు టక్కుమంటోందో, ఏ బేరింగు గరగరలాడుతోందో తెలుస్తుంది, లారీల హోరులో తెలియదు. అయితే జ్వరం ఉన్నా, కీలు వాచినా, పొద్దున్న మంచం మీదే చూసుకున్న నాడి మామూలు కంటే నిమిషానికి పది సార్లు ఎక్కువ కొట్టుకుంటున్నా ఆ మనిషి తొక్కకూడదు. అతన్ని బస్సెక్కించండి, తోడుగా ఒకరు వెళ్ళండి. ముందే 65 కిలోమీటర్ల రోజు పెట్టుకున్నారు కాబట్టి ఈ సర్దుబాటు సులభం, 130 కిలోమీటర్ల రోజున అయితే సాధ్యం కాదు.

యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, మద్యం ధర పక్క ఊళ్ళకంటే తక్కువ. తేలిక రోజు సాయంత్రం అక్కడ ముగియడం వల్ల ఉన్న ఒకే ప్రమాదం ఇది. మద్యం ఒంట్లో నీరు లాగేస్తుంది, నిద్రను ముక్కలు చేస్తుంది, రోజంతా నింపుకున్నదాన్ని వృథా చేస్తుంది. మర్నాడు పొద్దున్న ఆరింటికి కాకినాడ రోడ్డెక్కాలి, మొత్తం వంద కిలోమీటర్లు. బాటిలు విశాఖలో తెరుచుకోవచ్చు. దానికి బదులు సాయంత్రం గౌతమి ఒడ్డున అరగంట నడవండి, చదునైన చెప్పులతో, పిక్కలు సాగేలా.

తొమ్మిదిన్నరకు లైట్లు ఆర్పేముందు ఒక పని మిగిలి ఉంటుంది. అన్ని సైకిళ్ళ టైర్లూ బొటనవేలితో నొక్కి చూడండి. తెల్లవారి అయిదింటికి మళ్ళీ నొక్కండి. తేడా తెలిసిన టైరు ఏదైనా ఉంటే, సామాను కట్టకముందే విప్పి తీగ ముక్క వెతకండి.